నల్లబడిన సీసా ఎవరికి చూపించాలి?

కొండమీది ఊళ్ళకు మంచినీళ్ళు, మరుగుదొడ్లు, గ్యాసు అందించే శాఖల అధికారులందరికీ,

నమస్కారం.

మాది పాడేరు వైపు, తారు రోడ్డు అయిపోయాక ఇంకో గంటన్నర నడిస్తే వచ్చే ఊరు. ముప్పై చిల్లర గడపలు. ఊరి పేరు నా అర్జీల్లో ఉంది. ఇక్కడ మాత్రం కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్క ఊరికి ఒక జీపు వస్తుంది, ఫొటో తీస్తారు, ఫైలు మూసేస్తారు. గెడ్డ (వాగు) అవతల ఉన్న ఊళ్ళ సంగతి ఎవరూ అడగరు.

నేను పొదుపు సంఘం సభ్యురాలిని. ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పించాలన్నారు కదా, మా ఊరి అయిదుగురిలో నేనొకదాన్ని. ఒక పూట ట్రైనింగు, టీ బిస్కెట్లు, వచ్చేటప్పుడు చేతికి ఒక కిట్టు. అందులో క్లోరిన్ చూసే చుక్కల మందు, ఇనుము చూసే మందు, ఇంకా మందు వేసి ఉంచిన చిన్న చిన్న సీసాలు ఉన్నాయి. ఆ సీసాలో గీత దాకా నీళ్ళు పోసి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. నీళ్ళలో మలం నుంచి వచ్చే క్రిములుంటే నల్లబడుతుంది. చదువు రానివాళ్ళకు కూడా తెలిసిపోయే పరీక్ష.

నేను పరీక్ష చేసింది డిసెంబరులో. మా చలి సంగతి లంబసింగి ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. ఆ రోజుల్లో ఇంట్లో వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, పొయ్యి పక్కన. సీసాను పాత చీరముక్కలో చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టాను. మర్నాడు సాయంత్రానికి సిరా పోసినట్టు నల్లగా అయిపోయింది. ఆ నీళ్ళు మా కొళాయివే. పథకం వేసి, పైపు లాగి, ఫొటో తీసుకుని వెళ్ళిన కొళాయివి.

ట్రైనింగులో ఇచ్చిన నంబరుకు ఫొటో పంపాను. మా ఊళ్ళో సిగ్నల్ రాదు, అందుకని మిట్ట మీది పనసచెట్టు దాకా ఎక్కి పంపాను. జవాబు లేదు. సంత రోజున సీసానే పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మూత తీసి, మళ్ళీ పెట్టేసి, "వాసనొస్తోందమ్మా, బయట పెట్టు" అన్నారు. నిజమే, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసనే కదండీ ఫలితం! తర్వాత మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడోదానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడినది." ఏం పరిష్కరించారో మా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మొదట ఒక విషయం ఒప్పుకుంటాను. మీ రికార్డులో మా ఇంటికి కొళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, గ్యాస్ కనెక్షన్ ఉంది. అందులో అబద్ధం లేదు, మూడూ కళ్ళ ముందే ఉన్నాయి. కొళాయి చైత్రం వచ్చేసరికి ఎండిపోతుంది. మరుగుదొడ్డిలో చోళ్ళ (రాగుల) బస్తాలు, కోళ్ళ గంప ఉన్నాయి. సిలిండర్ మూల నిలబెట్టి ఉంది, దాని మీద మా అత్త చాట పెడుతుంది. మూడు శాఖలు మూడు వస్తువులు ఇచ్చి, మూడు లెక్కలు రాసుకుని వెళ్ళాయి. ఇల్లు ఒకటేనని, ఒకటి నడవకపోతే రెండోది కూడా నడవదని ఎవరూ కలిపి చూడలేదు. దానివల్ల మాకేం జరుగుతోందో చెబుతాను.

1. నీళ్ళు. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని 2019 ఆగస్టు 15న మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో మోస్తే పద్దెనిమిది బిందెల పైమాటే. కొళాయి ఆగిపోయిన నెలల్లో మేం దిగువ చెలమకు వెళ్తాం, పోయి రావడానికి అరగంట. అంటే మీరు రాసిన నీళ్ళు మేమే మోసుకోవాలంటే ఒక మనిషికి రోజుకు తొమ్మిది గంటల పని. ఎవరూ అంత మొయ్యరు. ఇంటికి అయిదారు బిందెలు మోసి, మిగతాది తగ్గించుకుంటాం. ఏం తగ్గుతుందో మీరే ఊహించండి. చేతులు కడుక్కోవడం తగ్గుతుంది, పిల్లల స్నానం తగ్గుతుంది, నెలసరి రోజుల్లో ఆడపిల్లల గుడ్డలు సరిగ్గా ఉతకరు. తాగే నీళ్ళు మాత్రం తగ్గించలేం, అవి ఎలాంటివైనా తాగాల్సిందే.

మా పథకం చెడ్డది కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. పై ఊట నుంచి పైపులో నీళ్ళు వాటంతటవే కిందికి దిగుతాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, రాత్రీ పగలూ వస్తాయి. మైదానం ఊళ్ళకు లేని అదృష్టం ఇది. చెడిపోయేది చిన్న చిన్న చోట్లే. ఊట చుట్టూ కట్టిన గోడ ఒక పక్క విరిగింది, పైన మూత లేదు. ఎగువన పశువులు మేస్తాయి, వాన పడితే కొండవాలు మీదున్నదంతా కొట్టుకొచ్చి ఊటలో కలుస్తుంది. పైపు నేల మీదే ఉంది, గేదె తొక్కినా పగులుతుంది. పగిలినచోట మా కుర్రాళ్ళు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కడతారు. ఆ సందులోంచి నీళ్ళు బయటికి పోవడమే కాదు, బురద లోపలికీ వస్తుంది. ట్యాంకు కట్టిన తర్వాత ఒక్కసారి మాత్రం కడిగారు, అదీ మేమే. బ్లీచింగ్ పౌడర్ రెండేళ్ళ కిందట ఒక బస్తా ఇచ్చారు. మూతి విప్పిన బస్తాలో పౌడర్ గాలికీ చెమ్మకీ బలం పోగొట్టుకుంటుందని ట్రైనింగులో మాకు చెప్పింది మీరే. లీటరు నీళ్ళలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని చెప్పిందీ మీరే. చుక్కల మందు వేసి చూస్తే మా కొళాయి నీళ్ళు రంగే మారలేదు, అంటే క్లోరిన్ లేనట్టే.

2. మరుగుదొడ్డి. మావాళ్ళకు అలవాటు లేదని, అవగాహన లేదని మీటింగుల్లో అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చీకటి పడేదాకా ఆపుకుని, వానలో, జలగల్లో, పాము భయంతో పొదల్లోకి వెళ్ళడం ఏ ఆడదానికీ ఇష్టమై కాదు. స్వచ్ఛ భారత్ 2014 అక్టోబరు 2న మొదలైంది, దొడ్డికి 12,000 రూపాయలన్నారు, మా ఊరికి కూడా వచ్చాయి. సిమెంటు, ఇటుక, ఇసుక ఘాట్ రోడ్డు ఎక్కి, ఆపైన మనిషి భుజం మీద రావాలి. మైదానంలో లెక్కగట్టిన డబ్బు మా దారి కూలికే సగం పోయింది. ఒకటి నిండితే రెండోది వాడుకునేలా రెండు గుంతలు తవ్వాల్సినచోట ఒకటే తవ్వారు, కింద రాయి తగిలిందని నడుం లోతులోనే ఆపేశారు.

బేసిన్ గురించి రాస్తే మీకు నవ్వు రావచ్చు. పల్లెల కోసం చేసిన బేసిన్‌కి వాలు ఎక్కువ ఉంటుంది, లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళతో పోతుంది. మాకు పెట్టినవి పట్నంలో పెట్టే బల్లపరుపు బేసిన్లు. అర బకెట్టు పోసినా కదలదు. ఇంట్లో అయిదుగురు వాడితే రోజుకు నాలుగైదు బిందెలు దానికే కావాలి. "నా నెత్తి మీద మోసిన నీళ్ళు దాన్లో పొయ్యనా?" అని మా వదిన అడిగింది. మీలో ఎవరైనా ఆమెకు జవాబు చెప్పగలరా? 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెల్లో ఎక్కడా బహిరంగ మలవిసర్జన లేదని ప్రకటించారు. ఆ రోజు కూడా మా వదిన చెంబు పట్టుకుని పొదల్లోకే వెళ్ళింది.

ఇంకో ప్రమాదం ఉంది. ఇద్దరు ముగ్గురి ఇళ్ళ గుంతలు ఊటకు ఎగువన పడ్డాయి. గుంతకూ నీటి వనరుకూ కనీసం పది మీటర్ల దూరం ఉండాలన్న నియమం చదును నేలకు సరిపోవచ్చు. వాలులో, రాతి పగుళ్ళున్న నేలలో ఎగువన దొడ్డి కట్టాక దూరం కొలిచి ఏం లాభం? ఎవరైనా కట్టే ముందు ఊరి పెద్దలను అడిగి ఉంటే నీళ్ళు ఎటు నుంచి ఎటు పారతాయో వాళ్ళే వేలుపెట్టి చూపించేవారు.

3. పొగ. దీని గురించి ఎవరూ అర్జీ పెట్టరు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నాం. మా అత్తకు అరవై కూడా నిండలేదు, గడప దాటితే ఆయాసం. ఆసుపత్రిలో డాక్టరు గారు ముందు అడిగిన ప్రశ్న, "చుట్ట తాగుతావా?" మా వైపు ముసలమ్మలు అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే మాట నిజమే. కానీ మా అత్త ఏనాడూ చుట్ట ముట్టలేదు. ఆమె తాగిందల్లా పొయ్యి పొగే, నలభై ఏళ్ళపాటు, రోజుకు రెండు పూటలా. కట్టెల పొగవల్ల ఊపిరితిత్తుల జబ్బు, కంటి శుక్లాలు, చిన్నపిల్లల్లో న్యుమోనియా, తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం పెరుగుతాయని డాక్టర్లే చెబుతున్నారు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది పోయారని, వాళ్ళలో రెండు లక్షలకు పైగా అయిదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా వీపుల మీద బిడ్డల్ని కట్టుకునే కదా మేం పొయ్యి ఊదేది.

మరి గ్యాస్ ఉంది కదా అంటారు. ఉజ్వల 2016 మే 1న వచ్చింది, ఆపైన మన రాష్ట్రంలో దీపం-2 కింద 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. సంతోషం. కానీ ముందు మొత్తం ధర మేం కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. సంతలో పసుపు, పిప్పళ్ళు అమ్మితేనే చేతికి డబ్బొచ్చే మాకు ఆ "ముందు" అన్న మాటే పెద్ద గోడ. ఓటీపీ చెప్పాలి, ఊళ్ళో సిగ్నల్ లేదు. ఈ-కేవైసీ చేయించుకోవాలి, నలభై ఏళ్ళు కొండపని చేసిన ముసలమ్మ వేలిముద్ర మిషన్‌లో పడదు. బండి తారు రోడ్డు దాకానే వస్తుంది. నిండు సిలిండర్ ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని కర్రకు కట్టి ఇద్దరు మొయ్యాలి, మేం డోలీలో గర్భిణులను మోసినట్టు. మోసినవాళ్ళ కూలి ఏ సబ్సిడీలోనూ లేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీరు నెలకో సిలిండర్ గడపలో దింపినా మా పొయ్యి ఆరదు. మాకు పొయ్యి వంటకే కాదు, చలికాలంలో ఇల్లంతా దాని చుట్టే పడుకుంటుంది. పైన అటక మీద జొన్న కంకులు, చోళ్ళ విత్తనం, చింతపండు పొగకే పురుగు పట్టకుండా నిలుస్తాయి. ఇది తెలియకుండా "కట్టెలు మానండి" అని బోర్డు రాస్తే మావాళ్ళు నవ్వుకుంటారు. మా అత్త కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎవరో వచ్చి పొగలేని పొయ్యి కట్టి వెళ్ళారట. గొట్టం మసితో పూడుకుపోయింది, దాన్ని ఎలా దులపాలో చెప్పడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. 1983లో దేశమంతా మొదలైన ఆ పొయ్యిల పథకాన్ని 2002లో ఆపేశారు. పొయ్యి తప్పు కాదది. కట్టినవాళ్ళు తిరిగి రాకపోవడమే తప్పు.

4. ఖర్చు. వాన మొదలైతే వాంతులు, విరేచనాలు ఇంటింటికీ తిరుగుతాయి. పిల్లకు రాత్రిపూట మొదలైతే తెల్లారేదాకా ఆగాలి, లేదా డోలీ కట్టాలి. పోయినేడు మా పక్కింటివాళ్ళు ఒక్క వారంలో జీపు బాడుగకూ సెలైన్లకూ పెట్టిన ఖర్చుతో వాళ్ళ పసుపు పంట డబ్బంతా అయిపోయింది. దాంతో పోలిస్తే ఊట గోడ బాగుచేయడానికి కావాల్సింది రెండు మూడు బస్తాల సిమెంటు.

దయ తలచమని ఇదంతా రాయడం లేదు. మలినం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మేం అడుగుతున్నవి ఇవి:

1. మా ఊటను ముందు బాగుచేయండి. చుట్టూ గోడ, పైన మూత, వాన నీళ్ళు పక్కకు పోయేలా ఎగువన ఒక కాలువ, పశువులు రాకుండా కంచె. ఊటకు పై వాలులో నీళ్ళు ఇంకే కందకాలు ఉపాధి హామీ పనిలో మేమే తవ్వుతాం, ఎక్కడ తవ్వాలో మా పెద్దలు చూపిస్తారు. వేసవిలో ఊట నిలబడటానికి అంతకన్నా వేరే దారి లేదు. పైపును నేలలో పూడ్చండి.

2. ఊరిలోనే ఒక కుర్రాడికో అమ్మాయికో పైపు పని నేర్పి, పనిముట్లు, నాలుగు పైపు ముక్కలు, జాయింట్లు ఇచ్చి, నెలకు ఇంత అని జీతం కట్టండి. డబ్బు లేదనకండి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకు ఇచ్చిన డబ్బులో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ చెరిసగం ఖర్చుపెట్టాలని కట్టుబాటు పెట్టింది. మా పంచాయతీలో ఆ డబ్బు దేనికి ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించండి. మా వైపు మాట్లాడే కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పే మనిషిని కూడా తీసుకురండి. "పరిష్కరించబడినది" లాంటి తెలుగు మాలో చాలామందికి అర్థం కాదు.

3. నీటి పరీక్ష చేసిన ఆడవాళ్ళ ఫలితానికి జవాబు చెప్పే అధికారి ఎవరో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. సీసా నల్లబడిందని కబురు వచ్చాక ఇన్ని రోజుల్లో మనిషి రావాలని గడువు పెట్టండి. అయిపోయిన మందులు, తేదీ దాటిన సీసాలు మార్చండి. బ్లీచింగ్ పౌడర్ ఏడాదికోసారి బస్తా కాకుండా, నెల నెలా చిన్న పొట్లాల్లో ఇవ్వండి.

4. ఇంటి దగ్గరికి ఏడాది పొడవునా నీళ్ళు వచ్చాకే దొడ్డి లెక్క రాసుకోండి. బేసిన్లు మార్చండి, రెండో గుంత తవ్వించండి, ఊటకు ఎగువన ఉన్నవాటిని మూసి వేరేచోట కట్టించండి. కొండ ఊళ్ళకు మోత కూలిని విడిగా లెక్కగట్టండి. గుంత నిండితే ఎవరు తీస్తారన్న భయం మావాళ్ళకు ఉంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి, ఎండిన ఎరువును చేత్తో తీసి చూపించారు. అంతటి పెద్ద అధికారి దిగినప్పుడు, మా మండలం నుంచి ఒక్కరు మా ఊరిదాకా నడిచి రావడం కష్టం కాదనుకుంటాను.

5. గ్యాస్ సంతకు రావాలి. వారానికోసారి సంత రోజున అయిదు కిలోల సిలిండర్లు తెచ్చి, ఖాళీ తీసుకుని నిండుది ఇచ్చే ఏర్పాటు చేయండి. అయిదు కిలోలదైతే ఒక ఆడది ఒంటరిగా కావడిలో మోసుకెళ్ళగలదు. సబ్సిడీ ముందే తగ్గించి మిగతాది తీసుకోండి. వేలిముద్ర పడనివాళ్ళకూ సిగ్నల్ లేని ఊళ్ళకూ పుస్తకంలో సంతకంతో సరిపెట్టండి. పొద్దుటి టీ, పిల్లల అన్నం గ్యాస్ మీద అయినా ఆ పూట పొగ తప్పుతుంది.

6. పొయ్యికి పొగగొట్టం, ఇంటి కప్పు కింద గాలి సందు కావాలి. మాకు చూపించిన కొత్త ఇళ్ళ ప్లానులో వంటగదికి కిటికీ లేదు! దాన్ని గీసినవాళ్ళెవరో ఒక్కపూట మా ఇంట్లో జొన్నన్నం వండాలని నాకు చాలా కోరిక. గొట్టాలు దులిపే పని పొదుపు సంఘాలకు అప్పగించండి, ఆరు నెలలకోసారి చేస్తాం. అంగన్‌వాడీలో, బడి వంటగదిలో మాత్రం పూర్తిగా గ్యాసే ఉండాలి. అక్కడ కట్టెలు వాడటానికి ఏ కారణమూ లేదు.

7. మూడు శాఖలూ కలిసి ఒకే రోజు రండి. ఒకరు వచ్చి నీళ్ళ సంగతి మాది కాదంటారు, ఇంకొకరు దొడ్డి సంగతి మాది కాదంటారు. ముగ్గురూ ఒకే ఇంట్లో కూర్చుంటే ఆ మాట అనడానికి వీలుండదు. వచ్చిన రోజు కొళాయిలో ఎన్ని బిందెలు వచ్చాయో, దొడ్డి వాడుతున్నారో లేదో, పోయినేడు ఎన్ని సిలిండర్లు నింపుకున్నామో రాసుకోండి. కనెక్షన్ల లెక్క మీ దగ్గర ఎలాగూ ఉంది.

వీటిలో ఒకటీ రెండూ మూడూ వానలలోపు కావాలి. మిగతావి ఏడాదిలో చేస్తామని రాసిస్తే ఒప్పుకుంటాం. మా వంతు కూలీ, కర్ర, రాయి మేం ఇస్తాం. కొండ, అటవీ ప్రాంతాల్లో పథకం ఖర్చులో అయిదు శాతం ఊరు పెట్టుకోవాలన్నది కూడా మాకు తెలుసు.

నా కిట్టులో వాడని సీసా ఇంకొక్కటే ఉంది, దాని మీద తేదీ కూడా దగ్గరపడింది. మొదటి వాన పడిన మర్నాడు అదే కొళాయి నీళ్ళతో నింపి, మళ్ళీ పొయ్యి గట్టు మీదే పెడతాను. అది ఏ రంగుకు మారినా, ఈసారి ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి తీసుకురావాలో ముందే చెప్పండి.

ఇట్లు,
నీటి పరీక్ష నేర్చుకున్న అయిదుగురిలో ఒకతె